సుమ్మాదేవి దారిలో చెయ్యెత్తిన మనిషి

పోలమ్మ కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు పలాసలో ఎవరూ లేరు. జీడి బట్టీలో పప్పు పొట్టు తీసే బల్ల ముందు కూర్చున్నా ఆమె కాలొకటి ఆడుతూనే ఉండేది. చేతులు పప్పు మీద, చెవులు బొడ్లో దోపుకున్న ఫోను మీద. మోగకపోయినా మోగినట్టు ఉలిక్కిపడి తీసి చూసుకునేది. "అప్పా, నీ ఫోనుకంటే నువ్వే ఎక్కువ మోగుతన్నావు" అని పక్కనే కూర్చుని ఆమెను అక్క వరస పిలిచే మేరీ నవ్వేది.

మొదటినుంచీ అలాంటి మనిషి కాదు. ఉద్దానంలో కవిటి దగ్గర పల్లెలో కాపురమున్న రోజుల్లో గట్టిగా మాట్లాడేది, కడుపునిండా తినేది, పడుకుంటే పిడుగు పడినా లేచేది కాదు. భర్త గున్నయ్య కొబ్బరిచెట్లు ఎక్కేవాడు. కాయలు దింపడంలో చుట్టుపక్కల తోటల్లో అతనికి పేరుండేది. తుఫానొచ్చి ఒక్క పూటలో ఆ తోటలన్నీ నేలకు పరిచి పోయింది. రైతులు మళ్ళీ మొక్కలు నాటారు. అవి మనిషెత్తు లేవకముందే గున్నయ్యకు కాళ్ళు ఉబ్బాయి, ముఖం ఉబ్బింది, అన్నం వాసనంటేనే కడుపులో తిప్పడం మొదలైంది. ఉద్దానంలో ఆ జబ్బు పేరు చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. వీధిలో నీళ్ళు పట్టుకునే ఏ ఇల్లాలైనా చెబుతుంది. కిడ్నీలు పోయాయి. డయాలసిస్ తప్పదన్నాక పోలమ్మ ఇంటికి తాళమేసి, మొగుణ్ని తీసుకుని పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో ఒక గదిలోకి దిగింది. బట్టీలో పని దొరికింది. అక్కడే మేరీ స్నేహమైంది. గున్నయ్య తమ్ముడు వైకుంఠరావు అప్పటికే పలాసలో ఆటో నడుపుతున్నాడు. ఆమెకున్న ఆసరా ఆ ఇద్దరే.

ఆ ఇద్దరూ కాక ఇంకొకడు కూడా ఉన్నాడని పోలమ్మ లెక్క. రావివలస ఎండల మల్లన్న.

ఆమె పుట్టిల్లు నందిగాం దగ్గర. చిన్నప్పుడు కార్తీక సోమవారాలు తండ్రి ఆమెను భుజాల మీద ఎక్కించుకుని టెక్కలి దాటి రావివలస తీసుకెళ్ళేవాడు. ఆ స్వామి నెత్తి మీద కప్పు లేదు. గుడి కట్టొద్దని, ఎండే తనకు చాలని ఆయనే చెప్పాడని జనం చెప్పుకుంటారు. పోలమ్మకు ఆ కథంతా అక్కర్లేదు. తమలాగే ఎండలో నిలబడ్డ దేవుడు గనక తమ సంగతి తెలుస్తుందని ఆమె నమ్మకం, అంతే. ఎన్నడూ పేరు మీద పూజ చేయించుకోలేదు. ఒక్కో ఏడు కొబ్బరికాయ కూడా ఉండేది కాదు. ఇంటినుంచి చెంబు పట్టుకెళ్ళి, అక్కడ నీళ్ళు ముంచి, ఆయన నెత్తిన పోసి, పొరుగింటివాడితో చెప్పినట్టు నాలుగు మాటలు చెప్పి వచ్చేది.

"నీ మల్లన్నకి నెత్తిన తాటాకు నేదు. నీకేటి కప్పుతాడే?" అని గున్నయ్య ఎకసెక్కమాడేవాడు.

"నువ్వు కూకోవయ్యా. ఆయన్నేటి అనకు" అని ఆమె కసిరేది.

ఆ ఏడు కార్తీకంలో వచ్చిన చిక్కు ఏమిటంటే, గున్నయ్య డయాలసిస్ వంతు సోమవారం పొద్దుటికి మారింది. పోలమ్మకు అన్నం దిగలేదు. వెళ్తే మొగుణ్ని వదిలి వెళ్ళాలి. మానేస్తే పుట్టి బుద్ధెరిగాక తప్పని సోమవారం తప్పుతుంది. బట్టీలో పప్పు తీస్తూ తీస్తూ ముక్కలు చేసేస్తుంటే మేరీ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎల్లప్పా నువ్వు. నాను కూకుంటాను బావ కాడ. ఆదివారం నాను సర్చికెల్తే నా పిల్లల్ని నువ్వు సూసినావు కాదా?"

అలా వెళ్ళింది. రావివలసలో జనం కిక్కిరిసి ఉన్నారు. కార్తీకమే గాని ఎండ మాడు చుర్రుమనిపిస్తోంది. వరస కదలదు. పోలమ్మ ముందువాళ్ళ భుజాల మీదుగా తొంగి చూడటం, ఫోను తీయడం, మళ్ళీ దోపుకోవడం. చివరికి స్వామి ఎదుటికి చేరాక మనసు నిలపాలని చూసింది. నిలవలేదు. చెంబు వంచుతూ గబగబా అనేసింది:

"ఇదిగో, నానీడ నీ కాడున్నాను. నానొచ్చీదాకా ఆ మనిసి నీ పూసీ. నువ్వే సూసుకోవాల."

నీళ్ళింకా రాతి మీదినుంచి జారుతూనే ఉన్నాయి, ఫోను మోగింది. మేరీ. మాట రావడం లేదు, ఏడుపే వస్తోంది.

"అప్పా... బావ కనపడ్డం నేదప్పా. సూదులు తీసేసినారు, వరండాలో కూకోబెట్టినాను, ఇడ్లీ అడిగినాడని బయటికెల్లినాను. వచ్చేసరికి నేడు. బెంచీ మీద కట్టు ఊడిపోయి పడున్నాది. నేల మీద రగతం..."

డయాలసిస్ చేసేందుకు గున్నయ్య చేతిలో నరాలు కలిపి కుట్టారు. సూదులు తీశాక అక్కడ గట్టిగా అదిమి కట్టు కట్టి, కాసేపు కదలకుండా ఉంచాలి. ఆ కట్టు ఊడితే రక్తం కుళాయిలా వస్తుందని పోలమ్మకు తెలుసు. ఒక్కోసారి డయాలసిస్ అయ్యాక అతనికి తల తిరిగి మతి చెదిరేదనీ తెలుసు. ఎక్కడున్నాడో, ఎవరు ఎవరో తెలియక, తోటకి పోవాలంటూ లేచేవాడు.

ఆమె దేవుడి వైపు తిరిగింది. "నీకు అప్పజెప్పి సెంబు కిందికి దించనేదు. అప్పుడే ఒగ్గేసినావా?" అని అరిచింది. వెనకున్నవాళ్ళు బిత్తరపోయారు. చెంబు అక్కడే వదిలేసి జనంలో పడి తోసుకుంటూ బయటికి పరుగెత్తింది.

టెక్కలిలో దొరికిన బస్సెక్కింది. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని రోడ్డు మీద పోయే ప్రతి ముసలాణ్నీ చూసింది. నందిగాం దగ్గర ఎవరో బక్కపల్చటి మనిషి గున్నయ్యలాగే తెల్ల బనీనుతో నడిచిపోతుంటే "ఆపండి, ఆపండి" అని కేకేసింది. ఇంత దూరం అతనెలా వస్తాడని తనకే తోచి, "కాదు బావూ, పోనీ" అంది. కండక్టరు ఆమె ముఖం చూసి డ్రైవరు దగ్గరికెళ్ళి ఏదో చెప్పాడు. బస్సు కొంచెం జోరందుకుంది.

కాశీబుగ్గలో దిగేసరికి వైకుంఠరావు ఆటో పక్కన నిలబడి ఉన్నాడు. మేరీ జుట్టు ఊడిపోయి, ఇడ్లీ పొట్లం ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది.

"దేవుడు దేవుడని తిరిగినావు, అన్నని ఒగ్గేసినావు" అన్నాడు వైకుంఠరావు. "ఇప్పుడు నీ దేవుణ్నే అడుగు ఏడున్నాడో."

మరిది ఎన్నడూ ఆమెతో అలా మాట్లాడలేదు. అతనన్న మాటనే పోలమ్మ బస్సులో వచ్చినంతసేపూ తనకు తాను అనుకుంటూ వచ్చింది.

"తిట్టుకుందురు గాని ముందు ఎతకండి" అంది మేరీ. "తోటకెల్తానని గొణుక్కున్నాడు బావ. తోటంటే కవిటే కదా? కవిటికెల్లాలంటే రైలే కదా?"

ముగ్గురూ స్టేషనుకు పోయారు. ప్లాట్‌ఫారం మీద ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముకునే ఆమె విని తలూపింది. "తెల్ల బనీను, సెయ్యి గుండెకి అదుముకున్నాడు. అదిగో అలా తూలిపోతూ ఇచ్చాపురం పాసింజరెక్కినాడు. తాగినాడేమో అనుకున్నానమ్మా." స్టేషనులో చెబితే వాళ్ళు ముందున్న స్టేషన్లకు ఫోను చేస్తామన్నారు. అంతవరకు ఆగే ఓపిక ఎవరికీ లేదు.

"సోంపేటలో దిగుతాడు. ఇంటికెల్లాలంటే ఆడే దిగాల. రోడ్డంట పోతే మనమూ బేగి సేరుకుంటాం" అని వైకుంఠరావు ఆటో తిప్పాడు.

పలాస దాటాక ఆటోలో ముగ్గురి నోళ్ళూ ఊరుకోలేదు. పోలమ్మ మల్లన్నను తిడుతోంది, మధ్యలో బతిమాలుతోంది, మళ్ళీ తిడుతోంది. మేరీ కళ్ళు మూసుకుని "ప్రబువా, ప్రబువా" అంటూ ఊగుతోంది. వైకుంఠరావు దారికడ్డం వచ్చిన మేకల్ని, వాటి యజమానిని, రైల్వేవాళ్ళను, తన ఆటో ఇంజనును కలిపి తిడుతున్నాడు. రోడ్డుకు రెండు వైపులా జీడితోటలు వెనక్కి పోతున్నాయి. ఆ ఆకుల కింద ఎక్కడో అతను పడి ఉంటే తాము దాటి పోతున్నామేమోనని పోలమ్మ ప్రతి చెట్టు మొదలుకూ చూపు పారేస్తోంది. కళ్ళు మండుతున్నాయి. రెప్ప వెయ్యడానికి భయం.

పలాస తర్వాతి చిన్న స్టేషను సుమ్మాదేవి. ఆ వైపు దారి చీలేచోట, రోడ్డు నడిమధ్య ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

ముందు పోతున్న లారీ అతణ్ని తప్పించుకుని పోయింది. ఒక మోటారుసైకిలు పోయింది. అతను వాటివైపు చూడలేదు. ఈ ఆటో కనబడగానే చెయ్యెత్తాడు. వైకుంఠరావు బ్రేకు తొక్కాడు. నల్లటి మనిషి, చొక్కా లేదు, మోకాళ్ళ పైకి కట్టిన పంచె. ఎండకు భుజాల మీది తోలు పొట్టులా లేచి ఉంది. భుజం మీద సగం చింపిన తువ్వాలు.

"గున్నయ్య మనుసులు మీరే కాదేటి?" అన్నాడు.

పోలమ్మ ఆటోలోంచి బయటికి వంగింది.

"టేసను అవతల జీడితోటలో పడుకోబెట్టినాను. సెయ్యి కట్టేసినాను, రగతం ఆగినాది. దాహం దాహమని గోల సేత్తన్నాడు, బొండం దించి పట్టమన్నాడు. నానివ్వనేదు, పెదాలు తడిపినాను. బేగి ఎల్లండి."

"ఏడున్నాడు, ఏ పక్క?" అంది పోలమ్మ. అప్పటికే ఒక కాలు కింద పెట్టేసింది.

అతను చెయ్యి చాచి చూపించాడు. పట్టాలకు అవతల, దిబ్బ మీద, తోట అంచున విడిగా ఒరిగిన జీడిచెట్టు.

"నువ్వూ ఎక్కు బావూ, దారి సూపుదువు గాని" అంది మేరీ. "ఎండలో నిలబడిపోనావు."

"నాకీ ఎండ అలవాటేనమ్మా. మీరెల్లండి" అన్నాడు.

అతను చెప్పినచోటే ఉన్నాడు గున్నయ్య. చెట్టు నీడలో వెల్లకిలా. రక్తం కారిన చెయ్యి ఎండుటాకుల కుప్ప మీద గుండెకంటే ఎత్తుగా పెట్టి ఉంది. ఎర్రంచు తువ్వాలు సగం చింపి, మడత పెట్టి, సూది పొడిచిన చోటు మీద అదిమి ముడేసి ఉంది. బనీను ముందు భాగమంతా గడ్డకట్టిన నెత్తురు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఓలే పోలీ... బొండం..." అన్నాడు.

పోలమ్మ అతని పక్కన కూలబడి చెంప మీద ఒక్కటి కొట్టింది. వెంటనే ఆ చెంపనే రెండు చేతులతో పట్టుకుంది. కిడ్నీలు పోయినవాడికి కొబ్బరినీళ్ళు విషమని ఆమెకు డాక్టర్లు చెప్పి చెప్పి నేర్పారు. దాహంతో పడిపోయిన మనిషికి ఉద్దానంలో ఎవరైనా మొదట చేసేది బొండం కొట్టి ఇవ్వడమే. ఆ మనిషీ అలాగే పుణ్యమనుకుని ఇచ్చి ఉంటే గున్నయ్య దక్కేవాడు కాదు.

అతణ్ని మోసుకొచ్చి ఆటోలో పడుకోబెట్టి వెనక్కి తిరిగారు. దారి చీలేచోట మనిషి లేడు. రోడ్డు రెండు వైపులా చాలా దూరం కనబడుతోంది. ఎటు చూసినా ఎవరూ లేరు. "వైకుంఠం, ఆపరా" అంది పోలమ్మ. "ఇప్పుడా వొదినా!" అని అతను ఆపలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ ముడి చూసి, కట్టిందెవరని అడిగింది. తెలియదన్నారు. "ఎవరైనా సరే, ఈ మనిషి ఇవాళ బతికింది ఆ కట్టువల్లే" అని, అది విప్పి కొత్త కట్టు కట్టింది.

రక్తమెక్కించాక గున్నయ్య తేరుకున్నాడు. పోలమ్మ అతణ్ని తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు. ఒకటే ప్రశ్నలు.

"ఏటయ్యిందో సెప్పు."

"రైలు కిటికీలోంచి తోట కనపడితే మన తోటే అనుకున్నానే. దిగిపోనాను. నడిసినాను. పడిపోనాను. ఎవులో ఎత్తినారు."

"మొకం ఎలగున్నాది?"

"ఆడి ఎనకాతల ఎండే. మొకమేటి కనిపిత్తాది? సేతులు మాత్రం సల్లగున్నాయి. నీళ్ళలోంచి తీసినట్టు."

"నీ పేరు ఆయనకి సెప్పినావా? మేము ఆటోలో వత్తామని సెప్పినావా?"

"నోరు పెగిల్తే కదే సెప్పడానికి. బొండం, బొండం అనడమే నాకు తెలుసు. మీరొత్తారని నాకేటి తెలుసు?"

పోలమ్మ లేచి గదిలో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టింది.

ఆ వారంలోనే ఒక పూట బట్టీకి సెలవు పెట్టి, మేరీని గున్నయ్య దగ్గర కూర్చోబెట్టి, కొత్త తువ్వాలు కొని సుమ్మాదేవి వెళ్ళింది. దిబ్బ మీది తోట నూకరత్నం అనే ముసలామెది. ఆమె జీడిపుల్లలు ఏరుకుంటూ అంతా విని, నడుం నిలబెట్టింది.

"సొక్కా నేకుండా, నెత్తిన గుడ్డ నేకుండా ఎండలో తిరిగే మనిసా? మా ఊర్నో నేడమ్మా. ఆ పూట నానీడే ఉన్నాను, దిబ్బకి ఆ పక్కన. కుక్కైనా మొరగనేదు."

పోలమ్మ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగింది. స్టేషనులో అడిగింది. పట్టాల పనివాళ్ళను అడిగింది, కల్లు గీసేవాళ్ళను అడిగింది. అలాంటివాళ్ళను కొందరిని చూపించారు. ఎవరి ముఖమూ ఆ ముఖం కాదు. అసలు ఆ ముఖం ఎలా ఉందో ఆమెకే సరిగా గుర్తు రావడం లేదు. తోలు లేచిన భుజాలు గుర్తున్నాయి, ఎత్తిన చెయ్యి గుర్తుంది. తువ్వాలు పట్టుకుని వెళ్ళింది, తువ్వాలు పట్టుకునే తిరిగొచ్చింది.

"ఎవులో దారిన పోయేవోడే వొదినా" అన్నాడు వైకుంఠరావు. తిట్టిన మాటకు సిగ్గుపడి అతను ఆనాటినుంచీ ఆమె కళ్ళలోకి చూడటం లేదు. "అన్న మతి నేకుండా పేరు సెప్పేసుంటాడు. ఆడు వొచ్చే ఆటోనల్లా ఆపుతుంటాడు."

"లారీని ఆపనేదు. బండిని ఆపనేదు. నీ ఆటోయే ఎందుకాపినాడు?" అంది పోలమ్మ.

అతను ఆటో అద్దం తుడవసాగాడు.

మేరీని అడిగితే ఆమె చేతిలో పప్పు పొట్టు ఊది అంది: "దేవుడే పంపినాడప్పా. ఎవులి దేవుడని మాత్రం నన్నడక్కు. ఆ ఆటోలో మనిద్దరం ఇద్దర్ని పిలిసినాం."

పోలమ్మకు ఆ అనుమానం లేదు. ఆమెను నిలవనివ్వనిది వేరు. చెంబు దించకముందే ఆయనను తిట్టింది. నీకు అప్పజెప్పాను, వదిలేశావన్నది. తను బస్సులో కమ్మీ పట్టుకుని ఏడుస్తున్న వేళ ఆయన జీడిచెట్టు కింద తువ్వాలు చింపుతున్నాడు. తన మొగుడు తన కళ్ళముందు బొండం అడిగితే, ఆ దాహం చూడలేక తనే ఒక గుక్క పట్టేసేదేమో. ఆయన పట్టలేదు. ఇంత చేసినవాడికి మంచినీళ్ళిచ్చి కూర్చోమనైనా అనలేదు. ఆటోలో ఎక్కమన్నది కూడా మేరీయే.

తర్వాతి సోమవారం ఎలాగన్నది మళ్ళీ చిక్కే. ఈసారి డయాలసిస్ మధ్యాహ్నానికి మార్పించుకోగలిగారు. అయినా గున్నయ్యను ఒక్కణ్ని వదలడానికి ఆమెకు ప్రాణం ఒప్పలేదు. గడప దాటుతుంది, వెనక్కి వస్తుంది. చూసి చూసి అతనే లేచి చొక్కా తగిలించుకున్నాడు.

"నన్నూ తీసుకెల్లు. నీ మల్లన్ననొకసారి సూత్తాను."

వైకుంఠరావు ఆటోలోనే పొద్దున్నే వెళ్ళారు. గున్నయ్య వరసలో నిలబడలేడని ఒక పక్కన మెట్టు మీద కూర్చోబెట్టింది. రెండడుగులు వేసి వెనక్కి చూసింది. ఉన్నాడు. ఇంకో రెండు వేసి చూసింది. ఉన్నాడు. స్వామి ఎదుటికి వెళ్ళి నీళ్ళు వంచుతూ కూడా మెడ తిప్పి మెట్టు వైపే చూస్తోంది. నీళ్ళు సగం పక్కన పడుతున్నాయి.

"ఎటో చూస్తూ పోస్తే ఎలాగమ్మా? ఆయన్ని చూసి పొయ్యి" అన్నాడు పూజారి.

"ఆయన్నే సూత్తన్నాను బావూ" అంది పోలమ్మ.

గున్నయ్య జబ్బు తగ్గలేదు. ఆ జబ్బు తగ్గేది కాదని పోలమ్మకు తెలుసు. అయినా ప్రతిసారీ తగ్గించమనే అడుగుతుంది, అడగడం మానదు. డయాలసిస్ రోజుల్లో కట్టు మీద తన చెయ్యి వేసి కూర్చుంటుంది. పక్క బెంచీ మీద తోడు లేని రోగి ఉంటే వాళ్ళ కట్టు మీద రెండో చెయ్యి వేస్తుంది. అక్కడ మాత్రం ఆమె కాలు ఆడదని మేరీ చెబుతుంది.

కొబ్బరితోటల మీది బెంగతో గున్నయ్య అప్పుడప్పుడు కవిటి పోదామంటాడు. వైకుంఠరావు ఆటో తీస్తాడు. సుమ్మాదేవి దగ్గర పడేసరికి ఆమె "మెల్లగా పోనీరా" అంటుంది. ఆటోలోంచి సగం బయటికి వంగి, ఇటు చూస్తుంది, అటు చూస్తుంది. ఎండలో నడిచిపోయే మనిషి ఎవరైనా కనబడితే ఆటో ఆపించి, ఎవరూ ఏమిటీ అడగకుండా ముందు ఎక్కమంటుంది. ఎక్కడ దిగుతాడో తర్వాత చూసుకోవచ్చు.